‘పసక’ను ఏమని రాయాలి?

చిరంజీవి సంధ్యకు, ఆశీస్సులు.

నువ్వు పంపిన లాట్వియా కథల అనువాదం చదివాను. మంచి పని పెట్టుకున్నావు, ఆపకు. కానీ ‘పసక’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘అద్భుత గాథ’ అని పెట్టావు. అది నాకు మింగుడుపడలేదు.

లాట్వియన్‌లో ‘సత్సీత్’ అంటే చెప్పడం. దానికి ముందు ‘ప’ చేరితే ‘పసత్సీత్’. పసక ఆ కుటుంబంలోదే. మాయలూ మంత్రాలూ ఆ మాటలో లేవు, చెప్పే నోరు ఉంది. మన ‘కథ’కు మూలమైన సంస్కృత ధాతువుకీ చెప్పడమనే అర్థం. కాబట్టి హాయిగా ‘కథ’ అనే రాయి. వాళ్ళెవరైనా విసుక్కుని ‘నెస్తాస్తి మన్ పసకస్’ అన్నారంటే, అది అచ్చంగా మన ఇళ్ళల్లో వినిపించే ‘నాకు కథలు చెప్పకు!’

ఇక వ్యాకరణం. పసక స్త్రీలింగం. విభక్తి మనకులాగే మాట చివర పడుతుంది. పసకై అంటే కథకు. చివరి అచ్చు సాగదీసి పసకా అంటే చాలు, కథలో అని అర్థం. అసలు చిక్కంతా ‘పసకు’ దగ్గర. ‘స్తాస్తు పసకు’ అంటే కథ చెబుతున్నాను, ఒక్క కథే. ‘పసకు గ్రామత’ అంటే కథల పుస్తకం, అక్కడది షష్ఠీ బహువచనం. రూపం ఒకటే, పని వేరు. నువ్వు రెండుచోట్లా ఏకవచనమే చేశావు. ‘పసకస్’ ఇంకా టెన్షన్ పెడుతుంది: కథ యొక్క, కథలు, కథలను, మూడూ అదే. పక్కనున్న మాటల్ని చూసి తేల్చుకోవాల్సిందే.

ఇంకోటి. ఈ కథలు జనం నోట విన్నవి. జూక్‌స్తె అనే ఊళ్ళో బడిపంతులుగా పనిచేసిన అన్సిస్ లెర్హిస్-పుష్కైతిస్ 1891 నుంచి వాటిని సంపుటాలుగా అచ్చువేయించాడు. తర్వాత పేతెరిస్ ష్మిత్స్ 15 సంపుటాలు తెచ్చాడు. అలాంటి కథలో ‘కనిష్ఠ పుత్రుడు అశ్వారూఢుడై బయల్దేరెను’ అంటే ఎవరు వింటారమ్మా? ‘చిన్నకొడుకు గుర్రమెక్కి బయల్దేరాడు’ అను. పైకి చదువుతూ రాయి, నాలుక తడబడిన వాక్యం మార్చు.

ముందు ఆ మూడో కొడుకు కథ తిరగరాసి పంపు. మూలంలో పసకు, పసకస్ ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. ఒక్కొక్కటీ ఫోన్లో కలిసి చూద్దాం.