కోడిపిల్లల రెట్టలో రక్తం: కొక్కెర తెగులేనా?

ప్రశ్న: మాకు 7 నాటు పెట్టలున్నాయి. నిరుడు తెచ్చిన వనరాజా పుంజును వాటితో కలిపాం. ఈ వానాకాలం మూడు పెట్టలను పొదగేస్తే 34 పిల్లలు దిగాయి. వాటికిప్పుడు 26 రోజులు. రాత్రిపూట వసారాలో పెట్టలతోపాటే గంపల కింద మూస్తాం. నాలుగు రోజులుగా రెక్కలు వాల్చేసి ముడుచుకుని కూర్చుంటున్నాయి. రెట్టలో రక్తం పడుతోంది. 9 చనిపోయాయి. పెద్ద కోళ్లు బాగానే ఉన్నాయి. కొక్కెర తెగులని ఊళ్లో అంటున్నారు. రెండు జాతులు కలపడం వల్లే పిల్లలు బలహీనంగా పుట్టాయని మా ఆయన అంటున్నారు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి, బి-కాంప్లెక్స్ టానిక్ నీళ్లలో కలిపి పెడుతున్నా తగ్గలేదు. వచ్చే ఏడాదికి ఈ పిల్లల్లోంచే ఒక పుంజును ఉంచుకోవచ్చా?
– ఒక మహిళా రైతు, మధిర మండలం, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులువి (రాణిఖేత్ అనే వైరస్ జబ్బువి) కావు. అదే అయితే టీకా లేని పెద్ద కోళ్లు కూడా పడిపోయేవి. రెట్ట పచ్చగా, తెల్లగా నీళ్లలా పడేది. కొన్నైనా మెడ మెలితిప్పేవి, నోరు తెరిచి గురకపెట్టేవి. మూడు నుంచి ఆరు వారాల వయసు, రెట్టలో రక్తం, వాన రోజులు, పెద్ద కోళ్లు క్షేమంగా ఉండడం, ఇవన్నీ కలిసి వస్తే అది రక్త పారుడు వ్యాధే. దీన్నే కాక్సిడియోసిస్ అంటారు. ఈసారి పిల్ల చనిపోతే పారేయకండి. కవర్లో చుట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లి కోయించండి. పేగు చివర రెండు గుడ్డి పేగులుంటాయి. అవి ఉబ్బి ముదురు ఎరుపుగా ఉండి, లోపల రక్తం గడ్డలు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

యాంటీబయాటిక్ పొడి ఈ రోజే ఆపేయండి. ఈ జబ్బు తెచ్చేది బ్యాక్టీరియా కాదు, పేగు గోడలో పెరిగే ఏకకణ జీవి. దాని మీద మీకిచ్చిన పొడి పనిచేయదు. టానిక్ కూడా ఆపండి. నేను చెప్పబోయే ఆంప్రోలియం ఆ క్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి చంపుతుంది. మీరు అదే నీళ్లలో బి-కాంప్లెక్స్ పోస్తే క్రిమికి మీరే మేత పెట్టినట్టు. అందుకే షాపులో రెండు డబ్బాలూ కలిపి ఇస్తామన్నా తీసుకోవద్దు. పిల్ల వయసెంత, రెట్ట ఏ రంగులో ఉందని కూడా అడగకుండా కౌంటర్ మీద పొడి పెట్టేవాళ్ల సలహాతో ఎన్ని గూళ్లు ఖాళీ అవుతున్నాయో చూస్తూనే ఉన్నాం. చనిపోయిన పిల్లల ఖరీదు ఒక ఎత్తు, అవసరం లేని చోట వాడి వాడి రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ యాంటీబయాటిక్ పనిచేయకుండా పోవడం ఇంకో ఎత్తు.

ఆంప్రోలియం 20 శాతం పొడి తెచ్చుకోండి. డబ్బా మీద 20 శాతం అని ఉందో లేదో చదివించుకోండి, వేరే శాతం ఉంటే ఈ డోసు పనికిరాదు. లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున 5 రోజులు ఇవ్వాలి. మిగిలిన 25 పిల్లలకు రోజుకు 2 లీటర్లు సరిపోతాయి. అంత కొద్ది మందు చెంచాతో కొలిస్తే తప్పుతుంది. కంసాలి త్రాసులో 2.4 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టించుకోండి. రోజుకొక పొట్లం 2 లీటర్లలో కలపండి, మర్నాడు పాత నీళ్లు పారబోసి కొత్తవి పెట్టండి. ఆ తర్వాత 7 రోజులు పొట్లంలో పావు వంతు చాలు. మందు నడిచినన్నాళ్లూ పిల్లలను బయటికి వదలొద్దు. గుంటలో వాన నీళ్లు దొరికితే మందు నీళ్ల వైపు చూడవు. బాగా నీరసించి తాగలేని పిల్లను విడిగా పెట్టి, ఇవే నీళ్లు చుక్కలు చుక్కలుగా తాగించండి. రెండు రోజుల్లో చావులు తగ్గకపోతే ఆగకుండా డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి.

మందుతోపాటు గంప సంగతి కూడా చూడకపోతే జబ్బు మళ్లీ వస్తుంది. పెద్ద కోళ్లు జబ్బు పడకపోయినా వాటి రెట్టలో ఈ క్రిమి గుడ్లుంటాయి. వెచ్చదనం, తేమ ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే అవి జబ్బు చేసే స్థితికి వస్తాయి. రోజూ ఒకే మూల గంప మూస్తే నిన్నటి తడి రెట్టలోనే పిల్లలు ఈ రోజు పొడుచుకు తింటాయి. ఫినాయిల్ చల్లితే ఈ గుడ్లు చావవు, ఎండబెట్టడమే దారి. పాత ఊకంతా ఎత్తేసి దూరంగా పూడ్చండి. నేల ఆరాక సున్నం చల్లి, కొత్త ఊక రెండంగుళాల మందాన పరవండి. రోజూ కలియబెట్టి, తడిసిన చోట తీసి పొడిది వేయండి. నీళ్ల పళ్లెంలో కాళ్లు పెట్టి తొక్కకుండా ఇటుక మీద పెట్టండి. వసారాలో జల్లు కొడుతుంటే పట్టా కట్టండి. నాలుగో వారం దాటాక పిల్లలను పెట్టల నుంచి విడదీయడం మంచిది.

మీ ఆయన అనుమానానికి వస్తాను. జాతులు కలిస్తే పిల్లలు బలహీనపడవు. మీ పిల్లలు నాటు పిల్లల కంటే త్వరగా బరువు పెరుగుతాయి, పెట్టలు గుడ్లు కూడా ఎక్కువే పెడతాయి. అయితే వాటిలోంచి పుంజును ఉంచుకోవద్దు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజాయే ఒక సంకర జాతి. దాని పిల్లల పిల్లలకు అదే ఎదుగుదల రాదు, పైగా అక్కాచెల్లెళ్లతోనే కలుస్తాయి. పుంజులన్నీ అమ్మేయండి, మీ 7 పెట్టలకు ఏటా బయటి పుంజు ఒకటి చాలు. నాటు పెట్టలను మాత్రం అమ్ముకోకండి. వనరాజా పెట్టలు పొదగవు, పిల్లలను దింపేది మీ నాటు తల్లులే.

మీ ఉత్తరంలో టీకా అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నాటు రక్తం ఉంది కదా, జబ్బు రాదనుకుంటే పొరపాటు. ఈసారి కొక్కెర తెగులు రాలేదు, వస్తే గూట్లో ఒక్కటీ మిగలదు. జబ్బుతో ఉన్న పిల్లలకు ఇప్పుడు టీకా వేయొద్దు. 12 రోజుల మందు పూర్తయి తేరుకున్నాక, సుమారు 40వ రోజున కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా కంట్లో ఒక చుక్క. 50వ రోజున మశూచి టీకా. 63వ రోజున అదే కొక్కెర తెగులుకు ఆర్2బి అనే సూది టీకా, రెక్క దగ్గర చర్మం కింద అర మిల్లీలీటరు. దానికి వారం ముందు నట్టల మందు. పెద్ద కోళ్లకు ఆర్2బి 6 నెలలకోసారి. వచ్చే విడత పిల్లలకు మాత్రం లసోటా 7వ రోజునే వేసి, 28వ రోజున మళ్లీ వేయండి. ఆర్2బి సీసాలో 100 డోసులుంటాయి, కలిపిన రెండు గంటల్లో అయిపోవాలి. మీ వాడలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు పెట్టుకుని, తెల్లవారుజామున గూటి తలుపు తీయకముందే, ఐసు పెట్టిన ఫ్లాస్కుతో ఇల్లిల్లూ తిరిగి వేయించండి.