పాఠకుల ప్రశ్నలు: ఆలివ్ నూనె పోసుకునే సీసా

ప్రశ్న: ఆలివ్ నూనెను అయిదు లీటర్ల డబ్బాలో కొని, అందులోంచి గాజు డిస్పెన్సర్‌లోకి వంపుకుంటున్నాం. లీటరు పట్టే ఆ సీసా ఎంతో అందంగా ఉంటుంది. లోపలి నూనె బంగారు రంగులో మెరుస్తూ కనబడుతుంది. చేతికి అందేలా పొయ్యి పక్కనే పెట్టుకుని, నూనె అడుగుకు చేరగానే మళ్ళీ నింపుతున్నాం. డబ్బాలోది బాగానే ఉంది గాని, సీసాలోది నెల తిరిగేసరికి ఏదో పాత వాసన వేస్తోంది. నూనె కల్తీదా, లోపం సీసాదా?

జవాబు: నూనె కల్తీదైతే డబ్బాలోదానికీ అదే దోషం కనబడాలి. ఒకే నూనె ఒక చోట బాగుండి మరో చోట చెడిందంటే చూడవలసింది ఆ చోటునే. ఆలివ్ నూనెను చెడగొట్టేవి వెలుతురు, వేడి, గాలి. మీ సీసాకు ఈ మూడూ రోజంతా తగులుతున్నాయి. ఇవి చాలక నాలుగోది కూడా తోడైంది. దాని సంగతి ఎక్కువమందికి తెలియదు గనుక కొంచెం వివరంగా చెబుతాను.

పాత నూనె అడుగున ఉండగానే కొత్త నూనె పోయడమే ఆ నాలుగోది. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పెరాక్సైడ్లు అనే పదార్థాలు పుడతాయి. అవి విచ్ఛిన్నమవుతూ, ఇంకా చెడని నూనెను కూడా అదే దారి పట్టిస్తాయి. కాచిన పాలలో చెంచాడు తోడు వేస్తే గిన్నెడు పాలూ పెరుగైనట్టే, సీసా అడుగున మిగిలిన రెండు చెంచాల పాత నూనె పైన పోసిన తాజా నూనెనంతా త్వరగా కనరెక్కేలా చేస్తుంది. అందుచేత నా దృష్టిలో మొదటి నియమం ఇదే: సీసా పూర్తిగా ఖాళీ అయ్యాక, కడిగి, బాగా ఆరబెట్టిన తరువాతే మళ్ళీ నింపాలి. స్పెయిన్‌లో 2014 నుంచి హోటళ్ళ బల్లల మీద మళ్ళీ మళ్ళీ నింపుకునే ఆలివ్ నూనె సీసాలు పెట్టకూడదని నిబంధన ఉంది. సీసాలో ఉన్నది ఏ నూనో, ఎప్పుడు పోసిందో తినేవారికి తెలియకపోవడం అందుకు ఒక కారణం. ఇంట్లో మనకు నిబంధనలు ఉండవు గనుక ఆ జాగ్రత్త మనమే తీసుకోవాలి.

ఇక వెలుతురు సంగతి. ఆలివ్ నూనెకు పచ్చని ఛాయనిచ్చే పత్రహరితం చీకటిలో ఏ హానీ చేయదు గాని, వెలుతురు తగిలితే అదే ఆక్సిజన్‌ను మరింత చురుకైన రూపంలోకి మార్చి నూనె మీదికి ఉసిగొల్పుతుంది. మీకు అందంగా కనిపిస్తున్న ఆ మెరుపే నూనెకు చేటు. పైగా రంగు నాణ్యతకు గుర్తు కాదు; ఆలివ్ నూనెను రుచి చూసి నిర్ణయించే నిపుణులు రంగు తమ తీర్పును ప్రభావితం చేయకుండా ముదురు రంగు గ్లాసులనే వాడతారు. వేడి విషయానికి వస్తే, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. పొయ్యి పక్కన పెట్టిన సీసాను వంట ముగిశాక చేత్తో తాకి చూడండి, ఆ లెక్క మీకే అర్థమవుతుంది.

సీసా పరిమాణం కూడా మార్చాలి. రోజుకు రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మిల్లీలీటర్లు వాడే ఇంట్లో 250 మిల్లీలీటర్ల సీసా ఎనిమిది రోజులు వస్తుంది. లీటరు సీసా నెల దాటుతుంది. వారం, పది రోజుల్లో ఖాళీ అయ్యేంత చిన్న సీసా కొనుక్కోండి. డబ్బా సగమైన తరువాత అందులోనూ గాలి చేరుతుంది గనుక, మిగిలిన నూనెను చిన్న ముదురు రంగు సీసాల్లోకి మెడదాకా నింపి, గట్టిగా మూత బిగించి, చీకటి అలమరలో దాచుకోవడం మేలు.

ఒక మాట అదనంగా చెప్పాలి. ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రసాయనాలు వాడకుండా ఆలివ్ కాయల నుంచి నేరుగా పిండిన మేలు రకం, తాజాగా ఉన్నప్పుడు కొంచెం చేదుగా ఉండి, మింగగానే గొంతులో ఘాటుగా తగులుతుంది. అది చెడిపోయిన లక్షణం కాదు, తాజాదనానికి గుర్తు. కనరెక్కిన నూనె వాసన వేరు. ఒక చెంచా నూనె చిన్న గిన్నెలో పోసి, ఒక అరచేతిని గిన్నె కింద పెట్టి, రెండో చేతితో మూసి, నిమిషం పాటు వెచ్చబడనిచ్చి వాసన చూడండి. పాతబడిన గింజపప్పుల వాసనో, మైనపు రంగుబలపాల వాసనో వస్తే ఆ నూనె పని అయిపోయినట్టే.

ప్రశ్న: గాజు, స్టీలు, పింగాణీ, ప్లాస్టిక్, రాగి, ఇన్ని రకాల డిస్పెన్సర్లు కనబడుతున్నాయి. దేనిని ఎంచుకోవాలి?

జవాబు: నన్నడిగితే ముదురు గోధుమ రంగు లేదా ముదురు ఆకుపచ్చ గాజుకే ఓటు వేస్తాను. గాజు నూనె వాసనను పీల్చుకోదు, నూనెకు తన వాసన ఇవ్వదు, శుభ్రమైందో లేదో దీపం ముందు పట్టి చూడవచ్చు. ముదురు గాజు వెలుతురును తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపదు గనుక, దాన్ని కూడా కిటికీ గట్టు మీద పెట్టకూడదు. ఇంట్లో ఇప్పటికే పారదర్శకమైన సీసా ఉంటే పారేయనక్కర్లేదు. చుట్టూ మందపాటి కాగితమో గుడ్డో చుట్టి, అలమరలో ఉంచి వాడుకోవచ్చు.

స్టెయిన్‌లెస్ స్టీలు వెలుతురును పూర్తిగా అడ్డుకుంటుంది, కిందపడినా పగలదు. లోపల ఎంత నూనె ఉందో కనబడకపోవడం దాని ఇబ్బంది. కొనేటప్పుడు మూత తీసి లోపలికి వేలు పెట్టి తడిమి చూడండి. అతుకుల దగ్గర గరుకుగా తగిలితే అక్కడ జిడ్డు పేరుకుంటుంది, దాన్ని వదిలించడం కష్టం. మూతి ఇరుకై వేలు దూరకపోతే బ్రష్ దూరడమూ అనుమానమే.

పింగాణీ కూడా మంచిదే, లోపలి మెరుపు పూత ఆహారపదార్థాలకు తగినదై, ఎక్కడా పగుళ్ళు లేకుండా ఉంటే. అలంకారానికి చేసిన పాత పాత్రల పూతల్లో సీసం అనే విషలోహం ఉండే ప్రమాదముంది. సీసం కలిపిన క్రిస్టల్ గాజు విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. పూత లేని మట్టి కుప్పె నూనెను పీల్చుకుంటుంది, ఆ పీల్చుకున్నది లోలోపలే కనరెక్కుతుంది. ప్లాస్టిక్ తేలిక, పగలదు గాని, కాలం గడిచేకొద్దీ వాసన పట్టేస్తుంది, గీతలు పడి జిడ్డు వాటిలో ఇరుక్కుంటుంది; కొన్నాళ్ళ వాడకానికే తప్ప నేను సిఫారసు చేయను.

రాగి, ఇత్తడి, ఇనుము మాత్రం వద్దు. రాగి, ఇనుము లేశమాత్రంగా నూనెలో కలిసినా అది చెడే వేగం బాగా పెరుగుతుంది. లోపల కళాయి ఉందని ధీమా పడవద్దు. కళాయి ఎక్కడ ఊడిందో ఇరుకు మూతి గల పాత్రలో మనకు కనబడదు.

ప్రశ్న: ఎంత మంచి డిస్పెన్సర్ కొన్నా నూనె బయటికి కారి, సీసా అడుగున బల్ల మీద జిడ్డు వలయం ఏర్పడుతోంది. మరొకటేమో గుటుకు గుటుకుమంటూ ఒక్కసారిగా వంపేస్తోంది. ఇందుకు మార్గం ఏమిటి?

జవాబు: రెండూ ముక్కు తయారీలోని లోపాలే. నూనె బయటికి రావాలంటే అంతే గాలి లోపలికి పోవాలి. ఒకే రంధ్రం ఉన్న ముక్కులో నూనె, గాలి వంతులవారీగా అదే దారిలో నడుస్తాయి గనుక ఆ గుటుకులు వినబడతాయి, ధార తెగి తెగి పడుతుంది. మంచి ముక్కులో నూనె దారి పక్కన గాలి కోసం సన్నని గొట్టం విడిగా ఉంటుంది. ముక్కును సీసా నుంచి ఊడదీసి తలకిందులుగా చూస్తే ఆ రెండో రంధ్రం కనబడాలి; కనబడకపోతే కొనవద్దు. గాలి గొట్టం ఉన్నా ధార తెగుతుంటే దానిలో జిడ్డు అడ్డుపడి ఉంటుంది, లేదా సీసాను మరీ అంచుదాకా నింపి ఉంటారు. రోజూ వాడే సీసాలో పైన రెండు వేళ్ళంత ఖాళీ ఉంచండి. వారంలో అయిపోయే నూనెకు ఆ కాస్త గాలి వల్ల పెద్ద నష్టం లేదు.

కారడం అంచును బట్టి ఉంటుంది. ముక్కు అంచు పలుచగా, పదునుగా, కొద్దిగా కిందికి వంగి ఉంటే చివరి బొట్టు తెగి పడిపోతుంది. అంచు మందంగా గుండ్రంగా ఉంటే ఆ బొట్టు అంచును పట్టుకుని వెనక్కి పాకి, సీసా మెడ మీదుగా అడుగుదాకా జారుతుంది. పోయడం ఆపేటప్పుడు మణికట్టును కొంచెం తిప్పుతూ సీసాను చప్పున నిలబెడితే ఇది చాలావరకు తగ్గుతుంది. ముక్కుకు మూత తప్పనిసరి. వంచితే తనంతట తెరుచుకుని నిలబెడితే మూసుకునే రెక్క మూతలు సౌకర్యంగా ఉంటాయి గాని, వాటి కీలు దగ్గర నూనె గట్టిపడి రెక్క సగం తెరిచే ఉండిపోతుంది. వారానికోసారి దాన్ని వేడి నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవండి.

ప్రశ్న: మా సీసా మెడలోనూ, ముక్కులోనూ పసుపుపచ్చని జిగురు పట్టింది. సబ్బు నీళ్ళు పోసి ఆడించినా పోవడం లేదు. ఎలా కడగాలి?

జవాబు: మా ఇంట్లోనూ ఒకసారి ఇదే జరిగింది. నెలల తరబడి తీయని ముక్కును బలవంతంగా ఊడదీస్తే, రబ్బరు వలయం కింద తుమ్మజిగురులాంటి పొర వేలికి అంటుకుంది. గోటితో గీకితే తీగలా సాగింది. పలుచని పొరగా గాలికి తగిలిన నూనె అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని అలా జిగురవుతాయి. అది మామూలు జిడ్డు కాదు గనుక రెండు నిమిషాల కడుగుడుకు లొంగదు.

ముందుగా సీసాలో నీళ్ళు పోయకండి. ఖాళీ చేసిన పొడి సీసాలోనే గిన్నెలు తోమే ద్రవం అయిదారు చుక్కలు వేసి, లోపలి గోడలన్నిటికీ పట్టేలా తిప్పండి. ఆ తరువాత మూడో వంతు వరకు వేడి నీళ్ళు పోసి, మూతి మూసి బాగా ఆడించి, ఇరవై నిమిషాలు నాననివ్వండి. చల్లని గాజులో మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే పగిలిపోతుంది, ముందు గోరువెచ్చని నీళ్ళతో అలవాటు చేయాలి. మెడ దగ్గరి జిగురు ఇంకా మిగిలితే రెండు చెంచాల వంట సోడా వేసి, వేడి నీళ్ళతో నింపి, రాత్రంతా వదిలేయండి. మరునాడు ఆ నీళ్ళు పారబోసి, గుప్పెడు కల్లుప్పు, కొంచెం సబ్బు ద్రవం, కొద్దిపాటి నీళ్ళు వేసి గిరగిరా తిప్పితే బ్రష్ చేరని మూలల్లోని జిగురు కూడా రాలుతుంది. ముక్కును విడి భాగాలుగా ఊడదీసి, గాలి గొట్టంలోకి సన్నని బ్రష్ దూర్చి తోమాలి. కార్కు బిరడా ఉంటే దాన్ని నానబెట్టవద్దు; నూనె పీల్చుకుని కనరెక్కిన కార్కు ఎంత కడిగినా బాగుపడదు, కొత్తది వేసుకోవడమే దారి.

నురగ పూర్తిగా పోయేవరకు కడిగాక ఆరబెట్టడం అసలు పని. నూనె కన్నా నీరు బరువైంది గనుక, మిగిలిన తడి బొట్టు బొట్టుగా అడుగుకు చేరి, నూనె కింద చీకటిలో మురుగుతుంది. సీసాను బల్ల మీద నేరుగా బోర్లిస్తే ఆవిరి లోపలే చిక్కుకుంటుంది. మూతి కింద గాలి ఆడేలా ఏటవాలుగా నిలిపి, పూర్తిగా ఒక రోజు వదలండి. సన్నని పుల్లకు పొడి టిష్యూ చుట్టి అడుగున తాకించి చూస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది. ఒకే రకం సీసాలు రెండు కొని, ఒకటి వాడుతుండగా ఇంకొకటి ఆరేలా చూసుకుంటే ఈ పనిలో తొందరపాటు ఉండదు.

ప్రశ్న: డిస్పెన్సర్‌లో వెల్లుల్లి రెబ్బలు, పచ్చి ఆకులు వేసి ఉంచితే నూనెకు మంచి వాసన వస్తుందని విన్నాను. చేయవచ్చా?

జవాబు: బయట పెట్టే సీసాలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. మట్టిలో ఉండే క్లోస్ట్రీడియం బాట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు వెల్లుల్లికీ ఆకులకీ అంటి ఉండవచ్చు. గాలి తగలకుండా, పులుపు లేకుండా, తేమ ఉన్న చోట అవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తాయి. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి రెబ్బ సరిగ్గా అలాంటి చోటే. ఆ విషం ఉన్నా నూనె రంగు, వాసన, రుచి మారకపోవచ్చు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిలవచేసిన వెల్లుల్లి వల్ల ఒకే రెస్టారెంటులో తిన్నవారు పదుల సంఖ్యలో ఈ విషం బారిన పడ్డారు. అంతగా కావాలనిపిస్తే కొద్దిగా చేసుకుని, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లోపు వాడేసి, మిగిలింది పారేయండి.

ప్రశ్న: నూనె తక్కువగా వాడాలని పంపు కొట్టే స్ప్రేయర్ కొన్నాం. నెలలోపే తుంపర ఆగి, సన్నని ధారగా చిమ్ముతోంది.

జవాబు: సూది మొనంత రంధ్రంలో నూనె పొర గట్టిపడితే జరిగేది అదే. మడ్డి ఉన్న, వడకట్టని నూనెను స్ప్రేయర్‌లో పోయకండి. ముందు పీడనం వదిలేసి, ఖాళీ చేసి, సగం వరకు సబ్బు కలిపిన వేడి నీళ్ళు పోసి, పదిహేనుసార్లు గట్టిగా స్ప్రే చేయండి. ముక్కు భాగాన్ని అరగంట నానబెట్టి, ఆపై సబ్బు లేని వేడి నీళ్ళతోనూ, చివరికి ఖాళీగానూ స్ప్రే చేసి ఆరబెట్టండి. పంపు కొట్టినప్పుడల్లా కొత్త గాలి లోపలికి పోతుంది గనుక ఇందులో మూడు నాలుగు రోజులకు సరిపడేంతే పోసుకోవాలి. మండుతున్న పొయ్యి మీదికి మాత్రం ఎన్నడూ స్ప్రే చేయవద్దు, నూనె తుంపర క్షణంలో అంటుకుంటుంది.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెడితే నూనె తెల్లగా గడ్డకట్టింది. పాడైనట్టేనా?

జవాబు: కాదు. చలికి ఆలివ్ నూనెలోని కొన్ని కొవ్వులు, మైనాలు గడ్డకడతాయి. గది వేడిమికి మళ్ళీ కరిగి తేటపడుతుంది. అయితే రోజూ తీసి పెట్టే డిస్పెన్సర్‌ను ఫ్రిజ్‌లో ఉంచితే, బయటికి తీసి మూత తెరిచిన ప్రతిసారీ చల్లని గాజు లోపలి అంచున తేమ చేరి నూనెలోకి దిగుతుంది. 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండే చీకటి అలమర దీనికి సరైన చోటు. అంత చల్లదనం లేని ఇంట్లో పొయ్యికి దూరంగా, నేలకు దగ్గరగా ఉన్న అర చాలు.