లిబియాలో పని ఉందంటే వెళ్లొచ్చా?

కంచిలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లిబియాలో వెల్డింగ్ పని, గల్ఫ్ కంటే జీతం ఎక్కువ. గొడవలైతే ఎంబసీ చూసుకుంటుందని ఏజెంటు అంటున్నాడు. వెళ్లొచ్చా?"

వద్దు తమ్ముడూ. తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు పోయాక మీ కంచిలి వైపు ఉద్దానంలో ఎన్ని ఇళ్లు అప్పుల్లో పడ్డాయో నాకు తెలుసు. అయినా వద్దనే అంటాను.

అంతర్యుద్ధం ముదిరితే ఎంబసీలే ఖాళీ అవుతాయి. 2015లో యెమెన్‌లోని మన ఎంబసీ జిబూతీ దేశానికి, 2019లో లిబియాలోని మన ఎంబసీ ట్యునీషియాకి వెళ్లిపోయాయి. 2020 సెప్టెంబరులో లిబియాలో ఏడుగురు భారతీయులను ఎత్తుకుపోయారు. వాళ్లలో మన ఆంధ్రా వాళ్లూ ఉన్నారు. ఇంటికి రావడానికి ట్రిపోలీ విమానాశ్రయానికి పోతుంటే దారిలో పట్టుకున్నారు. ట్యునీషియాలోని మన రాయబార కార్యాలయం లిబియా అధికారులతో, అంతర్జాతీయ సంస్థలతో మాట్లాడగా అక్టోబరులో విడుదలయ్యారు. లిబియా వెళ్లొద్దని మన ప్రభుత్వం 2016లోనే నిషేధం పెట్టింది. అది ఏజెంటు చెప్పడు.

సూడాన్ సంగతీ చూడండి. 2023 ఏప్రిల్ 15న అక్కడి సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళాలకీ పోరు మొదలైంది. రాజధాని ఖార్టూమ్ విమానాశ్రయంలోనే కాల్పులు. మన ప్రభుత్వం ఏ పక్షమూ పట్టకుండా సౌదీ, యూఏఈ, ఈజిప్టులతో మాట్లాడి, కాల్పుల విరమణ దొరికిన గంటల్లో 'ఆపరేషన్ కావేరి' నడిపింది. 3,800 మందికి పైగా బయటపడ్డారు. దీనికి మనం గర్వపడాలి. కానీ నౌకాదళం ఓడ ఆగింది పోర్ట్ సూడాన్‌లో. ఖార్టూమ్ నుంచి అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే, బస్సులో. మీ పేరు, నంబరు ఎంబసీ దగ్గర లేకపోతే ఆ బస్సు ఎప్పుడు, ఎక్కడి నుంచి బయల్దేరుతుందో మీకెవరు చెప్తారు?

అందుకే ఏ దేశం వెళ్లినా దిగిన వారంలోనే ఎంబసీలో పేరు నమోదు చేయించుకోండి. దుబాయ్‌కి విజిట్ వీసా మీద తీసుకెళ్లి అక్కణ్నుంచి ఇంకో దేశానికి దాటిస్తామంటే ఒప్పుకోవద్దు. అలా వెళ్తే మీరు ఆ దేశంలో పనిచేస్తున్నట్టు మన ప్రభుత్వ రికార్డుల్లో ఉండదు. పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అనే రకం) అయితే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తీసుకోవాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా చేయించాలి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది.

ఇక పాస్‌పోర్టు. నేను పనిచేసిన ఒక కంపెనీలో అందరివీ ఆఫీసు బీరువాలో పెట్టేవారు. మేనేజరు సెలవుకి పోతే తాళం చెవీ ఆయనతోనే పోయేది. కాల్పులు మొదలైన రాత్రి ఆ బీరువా ఎవరు తెరుస్తారు? పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా ఇంటికి రావడానికి ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనే కాగితం ఇస్తుంది గానీ, మీరు భారతీయులని చూపడానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఫోన్లో ఫొటో ఉంచుకోండి. ఇంట్లో జిరాక్స్ కాపీ ఇచ్చి, దాని వెనకే కంపెనీ పేరు, క్యాంపు ఉన్న ఊరు, ఏజెంటు నంబరు రాసిపెట్టండి. ఫోన్లు పనిచేయకపోతే మీ నాన్న విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్లో ఫిర్యాదు పెట్టించడానికి ఆ వివరాలే కావాలి.