జూల్-5 గెలవాలంటే లెక్క టైలో దగ్గర మొదలుపెట్టాలి

రాకెట్లు కూర్చి అంతరిక్షంలో నడిపే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆటలో జూల్-5 సవాలు, అంటే ఒకే యాత్రలో జూల్ గ్రహపు అయిదు ఉపగ్రహాల మీదా కెర్బల్‌ను, అంటే ఆటలోని వ్యోమగామిని, దింపి క్షేమంగా ఇంటికి తీసుకురావడం, మామూలు ఆటగాడికి సాధ్యమేనా, మొదట ఏ ఉపగ్రహం మీద దిగడం మంచిది అని అడిగారు. సాధ్యమే. మొదట టైలో మీదే దిగాలి. ప్రశ్నకు జవాబు ఇంతే గానీ, దిగే వరసకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది, దాని గురించి ఎవరూ సరిగా చెప్పడం లేదు. ఈ సవాలులో విఫలమయ్యేవారిలో అత్యధికులు జూల్ చేరకముందే, ఆటలో మన భూమిలాంటి కెర్బిన్ గ్రహం మీద నౌకను కూర్చుకునే రోజునే, దాన్ని చేజార్చుకుంటున్నారని నా గట్టి నమ్మకం.

అయిదు ఉపగ్రహాలంటే అయిదు సమస్యలని అనుకుంటారు. నేను అలా అనుకోను. పోల్ తక్కువ కక్ష్య నుంచి నేలకు దిగడానికి సెకనుకు 130 మీటర్ల డెల్టా-వీ (ఇంజన్లతో తెచ్చుకోవలసిన వేగపు మార్పు) చాలు, బాప్‌కు 230, వాల్‌కు 860. కెర్బిన్ చందమామ అయిన మన్ మీదికి దిగడానికే 580 కావాలి కాబట్టి, మన్ మీద రెండు మూడుసార్లు శుభ్రంగా దిగి లేచినవారికి ఈ మూడింటిలో కొత్తగా భయపడవలసినదేదీ లేదు. లేథ్‌కు 50 కిలోమీటర్ల ఎత్తు దాకా వాతావరణం ఉంది కాబట్టి దిగడమన్నది పారాచూట్ల పని. తిరిగి కక్ష్యకు ఎక్కడానికి 2,900 దాకా ఖర్చవుతుంది గానీ అది కెర్బిన్ నుంచి లేవడంకన్నా తేలికే. ఇక మిగిలింది టైలో. వ్యాసార్థం సరిగ్గా కెర్బిన్ అంత, 600 కిలోమీటర్లు. ఉపరితల గురుత్వం 7.85, అంటే భూమి మీద ఉన్నదానిలో అయిదింట నాలుగు వంతులు. గాలి మాత్రం బొత్తిగా లేదు. దిగడానికి దాదాపు 2,270, ఎక్కడానికి మళ్ళీ అంతే, ప్రతి మీటరూ ఇంజనుతోనే సంపాదించుకోవాలి.

అందువల్ల నౌక రూపకల్పన టైలో లాండర్ పైభాగంతో మొదలుకావాలి. నేను వాడే అమరిక చెబుతాను. ఒక్క కెర్బల్ కూర్చునే చిన్న గది, దానికింద ఎఫ్ఎల్-టీ400 టాంకు ఒకటి, టెర్రియర్ ఇంజను ఒకటి, చిన్న కాళ్ళు, అన్నీ కలిపి మూడున్నర టన్నులు. అందులో రెండు టన్నులు ఇంధనమే. టెర్రియర్ విశిష్ట ప్రేరణ, అంటే ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత, శూన్యంలో 345 సెకన్లు కాబట్టి, రాకెట్ బరువుల నుంచి డెల్టా-వీ లెక్కగట్టే సియోల్కోవ్‌స్కీ సమీకరణంలో వేస్తే ఈ పైభాగానికి 2,860 దాకా డెల్టా-వీ వస్తుంది. టైలో నుంచి కక్ష్యకు ఎక్కి, ఇంకా కొంత మిగులుతుంది. దీన్ని నేలకు దింపడానికి కింద మూడు టెర్రియర్లు, పెద్ద కాళ్ళు, దాదాపు ఏడు టన్నుల ఇంధనం కావాలి. మొత్తం 13 టన్నులు. దిగే మొదటి క్షణంలో థ్రస్ట్, అంటే ఇంజన్ల తోపుడు బలం, టైలో మీది బరువుకు ఒకటి ముప్పావు రెట్లు ఉంటుంది, అది సరిపోతుంది. కక్ష్య నుంచి 13 టన్నులుగా బయలుదేరిన లాండర్, కక్ష్యలోనే ఆగి ఉన్న తల్లినౌకను తిరిగి చేరేటప్పటికి టన్నున్నరకు కాస్త పైగా మిగులుతుంది. ఈ ఒక్క నిష్పత్తి మనసుకు ఎక్కితే సవాలులో సగం అయిపోయినట్టే.

ఇక్కడే నా ఫిర్యాదు ఒకటి చెప్పుకోవాలి. కొత్తవారు టైలో దగ్గర ఇంధనం చాలడం లేదని అడగగానే "ఇంకో టాంకు తగిలించు, ఇంకో ఇంజను తగిలించు" అని సలహా ఇచ్చేవారున్నారు. లాండర్‌కు తగిలించిన ప్రతి టన్నునూ జూల్ దాకా లాగడానికి తల్లినౌకకు ఇంధనం పెరగాలి, ఆ తల్లినౌకను కెర్బిన్ నుంచి లేపడానికి కింది రాకెట్టు పెరగాలి. చివరికి ప్రయోగవేదిక మీద ఒక గోపురం నిలబడుతుంది, కంప్యూటరు మూలుగుతుంది, ఆటగాడు విసిగి వదిలేస్తాడు. దశలవారీగా డెల్టా-వీ చూపించే పట్టిక 2018 డిసెంబరులో వచ్చిన 1.6 కూర్పు నుంచి ఆటలోనే ఉంది. దాన్ని చూసి, పైనుంచి ఒక్కొక్క భాగం తీసేస్తూ రమ్మని చెప్పడమే నిజమైన సలహా.

ఈ ఆలోచన ఆటగాళ్ళు కనిపెట్టినది కూడా కాదు. చందమామ మీదికి మనిషిని ఎలా పంపాలన్న చర్చలో, మొత్తం నౌకను నేలకు దింపకుండా చిన్న లాండర్‌ను మాత్రమే దింపి, ఇంటికి తిరిగివచ్చే నౌకను కక్ష్యలోనే ఉంచాలని నాసాలో జాన్ హూబోల్ట్ పట్టుబట్టాడు. 1962లో ఆ మార్గమే ఖాయమైంది. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కేవారు బరువైన సామాను కిందే అప్పగించి ఖాళీ చేతులతో మెట్లెక్కడంలో ఉన్న తెలివే అందులో ఉంది. 1969లో దిగిన ఈగిల్ కూడా రెండు భాగాలదే. మొత్తం 15 టన్నుల పైచిలుకు, కిందిభాగాన్ని చందమామ మీదే వదిలేసి పైభాగం ఒక్కటే లేచింది. మన టైలో లాండర్ బరువు దానికి ఇంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడూ ఎంతో సంతోషం కలిగిస్తుంది. జూల్-5 అంటే హూబోల్ట్ వాదనను అయిదుసార్లు అమలు చేయడమే.

టైలో మీద దిగడమంటే ఏమిటో నాకు బాగా గుర్తున్న ఒక రాత్రి సంగతితో చెబుతాను. దసరా సెలవులకు మా మేనల్లుడు విజయవాడ నుంచి కూకట్‌పల్లిలోని మా ఇంటికి వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నేను టైలో చుట్టూ 20 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న లాండర్‌ను సిద్ధం చేసుకుంటుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇది ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పమని గురుత్వం, వ్యాసార్థం అంకెలు ఇచ్చాను. కాగితం మీద క్షణంలో వేసి "2,170 మామయ్యా" అన్నాడు. తెర మీద 2,135 ఉంది. అతని ముఖం చిన్నబోయింది. "సూత్రం తప్పా?" అని అడిగాడు. "సూత్రం నేలను ఆనుకుని తిరిగేదానికిరా, మనం ఇరవై కిలోమీటర్ల పైన ఉన్నాం కదా" అన్నాను. మళ్ళీ కాగితం తీసుకుని వ్యాసార్థాన్ని 620 చేసి, ఆ ఎత్తుకు తగ్గట్టు గురుత్వాన్ని కూడా తగ్గించి లెక్కవేశాడు. తెర మీద ఉన్న అంకే వచ్చింది. ఆ సూత్రాన్ని అతను పరీక్షల్లో ఎన్నోసార్లు రాసి ఉంటాడు. అది ఎదురుగా కదులుతున్న ఒక వస్తువు గురించి నిజం చెబుతుందని ఆ నిమిషంలోనే గ్రహించాడు.

తర్వాత గమనానికి ఎదురుదిశలో ఇంజన్లు మండించాను. పూర్తి థ్రస్టుతో రెండు నిమిషాల పైచిలుకు మంటకు మాత్రమే కిందిభాగంలో ఇంధనం ఉంది. మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. పక్కకు పోయే వేగం తగ్గుతుంది, ఎత్తు అంతగా మారదు. కక్ష్యా వేగం సగానికి పడిపోయాక నేల లాగడం మొదలవుతుంది. నిమిషం గడిచేసరికి దిశలు చూపే గోళపు సూచికలో గమన వ్యతిరేక గుర్తు దిగంతపు గీతను వదిలి పైకి జరగసాగింది. నేను నౌక ముక్కును ఆ గుర్తుకు కొన్ని డిగ్రీలు పైన పట్టుకుని, పడే వేగం హద్దు దాటకుండా చూస్తున్నాను. "పారాచూట్ లేదా మామయ్యా?" అన్నాడు. "గాలే లేదురా, విప్పి ఏం లాభం?" అన్నాను. అప్పటికి ఎత్తు ఏడు కిలోమీటర్లు, వేగం ఇంకా సెకనుకు 700 మీటర్ల పైన.

చివరి కిలోమీటరులో లాండర్ నీడ కనిపించింది. అది బూడిదరంగు నేల మీద మా ఎడమవైపున ఉంది, మేము దిగుతున్నకొద్దీ మావైపు పాకుతూ పెద్దదవుతోంది. నీడ సాగిన తీరు చూస్తే ఆ నేల ఏటవాలుగా ఉందని తెలిసిపోయింది. అక్కడే దింపితే లాండర్ పక్కకు దొర్లుతుంది. ఇంధనపు గీత అడుగంటుతోంది. మేనల్లుడు నా భుజం పట్టుకుని "వద్దు మామయ్యా, వదిలేసి పైకి పోదాం" అన్నాడు. నౌకను కొద్దిగా వంచి, దక్షిణంగా రెండువందల మీటర్లు జారనిచ్చి, మళ్ళీ నిలబెట్టాను. నీడ ఈసారి చదునుగా పరుచుకుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో కాళ్ళు తాకాయి, ఒక కాలు అదిరి స్థిరపడింది. టాంకులో మిగిలిన ఇంధనం పది సెకన్లకు కూడా చాలేది కాదు. లాండర్‌లోని కెర్బల్ వాలెంటీనా నిచ్చెన దిగి జెండా పాతేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

ఆ తర్వాత అతనే చంద్రయాన్-3 మాట ఎత్తాడు. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న లేచిన ఆ యాత్రలో, ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ దిగడాన్ని అతను టీవీలో చూశాడు. విక్రమ్ దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, వేగం తగ్గించే దశ, చివరి సర్దుబాటు దశ, నిలువుగా దిగే దశ అంటూ దాదాపు 19 నిమిషాల్లో నేలను చేరింది. ఆ దశల పేర్లు వ్యాఖ్యాతలు చదువుతుంటే అప్పుడు తనకేమీ అర్థం కాలేదని, ఇప్పుడు అర్థమవుతోందని చెప్పాడు. టైలో కక్ష్యా వేగం నిజమైన చందమామ కక్ష్యా వేగంకన్నా ఎక్కువని చెబితే మొదట నమ్మలేదు, తన లెక్క తానే చూసుకుని నమ్మాడు.

నాకు బాధ కలిగించేది ఇదే. కక్ష్యా వేగం, పలాయన వేగం, ద్రవ్యవేగ నిత్యత్వం, అన్నీ మన పిల్లలకు కంఠతా వచ్చు. ప్రవేశ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడానికి తప్ప అవి మరెందుకూ పనికిరావన్నట్టుగా వారికి నేర్పుతున్నాం. జూల్-5కు సిద్ధమయ్యే ఒక్క వారంలో ఆ పిల్లవాడు యాంత్రికశాస్త్రం గురించి వేసినన్ని ప్రశ్నలు ఏడాది పొడవునా తరగతిలో వేసి ఉండడని నేను ఖాయంగా చెప్పగలను. ఈ ఆటను కాలక్షేపమని తీసిపారేసే పెద్దలు ఒక్కసారి టైలో లాండర్‌కు లెక్క కట్టి చూడాలి.

వరస విషయానికి వస్తే, టైలోతో మొదలుపెట్టమనడానికి కారణం బరువే. అక్కడ కిందిభాగం వదిలేయగానే నౌక నుంచి పెద్ద భారం పోతుంది, ఆ తర్వాత ప్రతి మలుపూ చౌక అవుతుంది. జూల్ వ్యవస్థలోకి వచ్చేటప్పుడు కూడా టైలో ముందునుంచి దగ్గరగా దూసుకుపోతే దాని గురుత్వమే వేగాన్ని తగ్గించి, దాదాపు ఇంధనం లేకుండానే జూల్ కక్ష్యలో నిలబెడుతుంది. తర్వాత లేథ్, ఆపైన వాల్, బాప్, పోల్. వాల్‌కు రానూపోనూ 1,720 మాత్రమే కాబట్టి టైలో నుంచి తిరిగివచ్చిన పైభాగాన్నే ఒకసారి నింపి వాడుకోవచ్చు. ఇంకోసారి నింపితే బాప్, పోల్ రెండూ అయిపోతాయి. ఆ మూడింటికీ వేరే లాండర్లు మోసుకుపోవడం నాకు అనవసరమనిపిస్తుంది. బాప్ కక్ష్య 15 డిగ్రీలు వాలి ఉంటుంది, తలం మార్చే పనిని జూల్‌కు బాగా దూరంగా ఉన్నప్పుడు చేస్తే ఖర్చు తక్కువ. అక్కడ చచ్చిపడి ఉన్న క్రాకెన్ అనే రాక్షస జీవిని చూడాలనుకుంటే దిగేచోటు ముందే ఎంచుకోండి.

లేథ్ గాలిలో ఆక్సిజన్ ఉంది గనుక జెట్ ఇంజన్ల విమానమే తీసుకుపోవాలని వాదించేవారున్నారు. విమానం అందంగా ఉంటుంది, నేను కాదనను. కానీ చక్రాలు, రెక్కలు, గాలి పీల్చే ఇంజన్లు ఆ ఒక్క ఉపగ్రహానికి తప్ప మరెక్కడా అక్కరకు రావు. పారాచూట్లు ఉన్న సాదా రెండు దశల రాకెట్టు ఆ పని తక్కువ బరువుతో చేస్తుంది. లేథ్‌లో ఎక్కువ భాగం సముద్రమే కాబట్టి ఏ దీవి మీద దిగుతారో కక్ష్యలోనే నిర్ణయించుకుని, పగటివేళ దిగండి. పోల్ మీద ఖనిజం తవ్వి ఇంధనం చేసుకుని, ఆ తర్వాతే టైలోకు పోయే పద్ధతి కూడా నడుస్తుంది. అయితే తవ్వే యంత్రాల బరువు, చల్లబరిచే పలకల బరువు, ఎదురుచూసే కాలం చూసుకుంటే మొదటిసారి ప్రయత్నించేవారికి నేను అది చెప్పను.

పోల్ అన్నిటికన్నా బయట ఉంది కాబట్టి ఇంటికి బయలుదేరడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ లాండర్‌ను వదిలేయండి, ఖాళీ టాంకులు వదిలేయండి, తల్లినౌకలో నెర్వ్ ఇంజను, మిగిలిన ఇంధనం, వేడి కవచం ఉన్న గది మాత్రం ఉంచుకోండి. నెర్వ్ విశిష్ట ప్రేరణ 800 సెకన్లు కాబట్టి ఆ కొద్ది ఇంధనమే చాలాదూరం వస్తుంది. కెర్బిన్ గాలిలోకి నేరుగా వచ్చే వేగం ఎక్కువగా ఉంటుంది గనుక కవచాన్ని మాత్రం తగ్గించకండి.