‘సర్వే నింపితే డబ్బులు’ నిజమెంత?

ఇంట్లో కూర్చుని ఫోన్‌లో సర్వేలు నింపితే చాలు, నెల తిరిగేసరికి జీతంలా డబ్బు పడుతుందనే ప్రకటనల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వాట్సాప్‌లో ఒక ప్రకటన వచ్చింది. రోజుకు పది సర్వేలు నింపితే నెలకు 25,000 రూపాయలు ఇస్తారట. రిజిస్ట్రేషన్‌కు 2,499 కట్టాలి, మూడు నెలలయ్యాక తిరిగి ఇచ్చేస్తామంటున్నారు. మా వీధిలో ఇద్దరు చేరారు. ఒకామెకు మొదటి నెల డబ్బు కూడా పడింది. చేరమంటారా?
– గృహిణి, తణుకు

వద్దమ్మా, చేరకండి. ఆ 2,499 అడగడంతోనే విషయం తేలిపోయింది.

సర్వే డబ్బు అసలు ఎక్కడ పుడుతుందో చూడండి. ఒక సబ్బుల కంపెనీ కొత్త రకం తేవాలనుకుంటుంది. జనం ఏమనుకుంటున్నారో కనుక్కోమని మార్కెట్ రీసెర్చ్ సంస్థకు డబ్బిచ్చి పని అప్పజెబుతుంది. ఆ సంస్థ ప్రశ్నలు తయారుచేసుకుని, జవాబులు చెప్పే మనుషుల కోసం ‘ప్యానెల్’ నడిపేవాళ్ల దగ్గరకు వెళ్తుంది. ప్యానెల్ అంటే సర్వేలకు జవాబు చెప్పడానికి పేరు నమోదు చేసుకున్నవాళ్ల జాబితా. ప్యానెల్ వాళ్లు తమకు ముట్టినదాంట్లో కొంత, జవాబు చెప్పినవారికి పాయింట్లుగా ఇస్తారు. డబ్బు పైనుంచి మీ దాకా రావాలి తప్ప మీ దగ్గర మొదలవకూడదు. ఇక్కడ మీ అభిప్రాయమే సరుకు, దాన్ని అమ్మేది మీరు. మీ దగ్గరే ఫీజు వసూలు చేస్తున్నారంటే ఆ సర్వేలు కొనే కంపెనీ ఏదీ లేదని అర్థం. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, సాఫ్ట్‌వేర్, ఐడీ కార్డు, రిఫండబుల్ డిపాజిట్ అంటూ పేరు ఏది పెట్టినా ఇదే వర్తిస్తుంది.

వాళ్లు చెప్పిన అంకెల్నే లెక్క కట్టి చూడండి. రోజుకు పది చొప్పున నెలకు 300 సర్వేలు. 25,000ను 300తో భాగిస్తే ఒక్కో సర్వేకు 83 రూపాయలు. మన దేశంలో పది పదిహేను నిమిషాల సర్వేకు నిజమైన ప్యానెళ్లు ఇచ్చేది చాలాసార్లు పదో పాతికో. పైగా ఒకే మనిషితో రోజూ పదేసి సర్వేలు నింపిస్తే ఆ జవాబులకు విలువ ఉండదు. డబ్బిచ్చే కంపెనీ దానికి ఒప్పుకోదు.

మీ వీధిలో ఆమెకు డబ్బు పడటం గురించి. మొదట్లో పడుతుంది. మీలాంటి పదిమంది అది చూసి చేరాలనే వేస్తారు. ఆన్‌లైన్ సర్వేల పేరుతో జనం దగ్గర డబ్బు కట్టించుకున్న స్పీక్ ఏషియా కంపెనీ వ్యవహారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడాదికి 11,000 రూపాయలు ఆన్‌లైన్ పత్రిక చందా అన్నారు. వారానికి రెండు సర్వేలు, ఒక్కోదానికి 500. అంటే 11,000 కడితే ఏడాదికి 52,000! కొత్తవాళ్లను చేర్పిస్తే కమీషన్ అదనం. మొదట చేరినవారికి డబ్బు వచ్చిన మాట నిజమే, అదంతా తర్వాత చేరినవారి చందా. 2011లో టీవీ ఛానెళ్లు బయటపెట్టాక చెల్లింపులు ఆగిపోయాయి. ముంబయి పోలీసుల లెక్కలో చేరినవాళ్లు 24 లక్షల మంది, సొమ్ము 2,000 కోట్లకు పైనే.

ఇంకొక సంగతి మీ పొరుగామెకు కూడా చెప్పండి. ఫీజు కట్టించుకుని, చేర్పించినందుకు కమీషన్ ఇచ్చే పథకాలు 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కింద నేరం. చేర్పించినవారి మీదా కేసు పెట్టవచ్చు. రేపు కంపెనీ బోర్డు తిప్పేస్తే జనం వచ్చి నిలదీసేది కూడా చేర్పించిన మనిషినే.

ప్రశ్న: నిజంగా డబ్బిచ్చే సర్వే యాప్‌లు అసలు ఉన్నాయా? ఒకదాంట్లో చేరాను కానీ సగం సర్వేల్లో మధ్యలోనే ‘మీరు అర్హులు కారు’ అని తీసేస్తున్నారు. ఇది మోసమా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

ఉన్నాయి. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్, యూగవ్, టొలూనా, ద ప్యానెల్ స్టేషన్ లాంటివి చేరడానికి పైసా అడగవు. గూగుల్ వాళ్లది ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్లే స్టోర్ క్రెడిట్‌గా వస్తుంది, చేతికి నగదు రాదు. ఆ క్రెడిట్‌కు ఏడాదే గడువు. మిగతావాటిలో ఎక్కువగా పాయింట్లు కూడబెట్టి గిఫ్ట్ వోచర్లుగా మార్చుకోవాలి. శ్రద్ధగా చేసినా నెలకు కొన్ని వందలు దాటడం కష్టం. రీచార్జ్ ఖర్చు కలిసొస్తుందేమో కానీ హాస్టల్ ఫీజు మాత్రం కట్టలేరు. ఏ నిజమైన ప్యానెలూ దీన్ని ఉద్యోగం అనదు. ‘జాబ్’, ‘ఫిక్స్‌డ్ శాలరీ’ అన్న మాటలు కనిపించాయంటే అక్కడే అనుమానించాలి.

మధ్యలో తీసేయడం మోసం కాదు, చిరాకు పుట్టించే మాట మాత్రం నిజం. ప్రతి సర్వేకూ ముందు వడపోత ప్రశ్నలుంటాయి. ఆర్నెల్లలో కారు కొన్నవారే కావాలి, లేదా రెండేళ్లలోపు పిల్లలున్న తల్లులే కావాలి అంటారు. ‘మీ ఇంట్లో ఎవరైనా ప్రకటనల రంగంలోగానీ, మీడియాలోగానీ, మార్కెట్ రీసెర్చ్‌లోగానీ పనిచేస్తున్నారా?’ అనే ప్రశ్న దాదాపు అన్నింట్లో వస్తుంది. అవునంటే అక్కడితో సరి. కొన్నిసార్లు మీరు సరిపోయినా మీ వయసు వాళ్ల కోటా అప్పటికే నిండిపోయి ఉంటుంది. ఇలా తీసేయడం రెండు మూడు నిమిషాల్లో జరిగితే మామూలే. ఇరవై నిమిషాలు నింపించుకుని చివర్లో తీసేయడం పదేపదే జరుగుతుంటే ఆ ప్యానెల్ వదిలేయండి.

ఖాతా మూతపడటానికి మాత్రం చాలాసార్లు కారణం మనమే. ఒక సర్వేలో వయసు 21 అని, ఇంకోదాంట్లో 35 అని పెడితే సిస్టమ్ పట్టేస్తుంది. పదిహేను నిమిషాల సర్వే మూడు నిమిషాల్లో ముగిస్తే, పట్టికలో పై నుంచి కింది దాకా ఒకే గడి నొక్కుకుంటూ పోతే ఆ జవాబుల్ని పక్కన పడేస్తారు. మధ్యలో ‘ఈ వరుసలో పూర్తిగా అంగీకరిస్తాను అన్నదే ఎంచుకోండి’ అని ఒక వరుస ఉంటుంది, చదవకుండా నొక్కేవాళ్లను పట్టుకోవడానికే అది. అమెరికా సర్వేలకు ఎక్కువ ఇస్తారని వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకోవడం, ఒకే ఇంటి నుంచి నాలుగు ఖాతాలు తెరవడం లాంటివి చేస్తే కూడబెట్టిన పాయింట్లతో సహా ఖాతా పోతుంది.

సర్వేలకు విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకోండి. కనీస మొత్తం చేరగానే వోచర్ తీసేసుకోండి, పాయింట్లు పోగేసి ఉంచవద్దు. వయసు, ఊరు, ఆదాయం, వాడే బ్రాండ్లు అడగడం మామూలే. ఆధార్ ఫొటో, కార్డు నంబరు, బ్యాంకు ఓటీపీ అడిగితే అది సర్వే కాదు. విదేశీ ప్యానెల్ నుంచి పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవ ద్వారా డబ్బు రావాలంటే మాత్రం పేపాల్ ఖాతాకు పాన్ ఇవ్వాలి. అది మీరే పేపాల్‌లో నమోదు చేసుకోవాలి, సర్వే వాళ్లకు పంపేది కాదు.

ప్రశ్న: ఒక కంపెనీ తమ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ నంబరు పంపింది. 15 ఏళ్లుగా ఉన్నామంటోంది. నమ్మవచ్చా?
– ప్రైవేటు టీచర్, ఒంగోలు

సర్టిఫికెట్ ఫొటోను నమ్మకండి, అందులోని నంబర్లను మీరే పరిశీలించండి. కంపెనీ గుర్తింపు సంఖ్య సీఐఎన్‌లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదట ఒక అక్షరం, తర్వాత ఐదు అంకెలు, తర్వాత రాష్ట్రం పేరుకు రెండు అక్షరాలు, ఆ వెంటనే నాలుగు అంకెల్లో కంపెనీ రిజిస్టరైన సంవత్సరం. అక్కడ 2024 అని ఉంటే పదిహేనేళ్ల మాట అబద్ధమే. అదే నంబరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ పేరు, చిరునామా, ప్రస్తుతం నడుస్తోందో లేదో తెలుస్తుంది.

జీఎస్టీ నంబరుకు 15 స్థానాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. విజయవాడ ఆఫీసు అని చెప్పి నంబరు ఇంకో అంకెతో మొదలైతే ఎందుకో అడగండి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో, ఏ వ్యాపారానికి తీసుకున్నారో కనిపిస్తుంది. సర్వే కంపెనీ నంబరు గ్రానైట్ వ్యాపారి పేరున తేలితే అది ఎత్తుకొచ్చిన నంబరే. వెబ్‌సైట్ ఎప్పుడు పుట్టిందో ‘హూ ఈజ్’ సేవలో ఉచితంగా చూడవచ్చు. రెండు నెలల క్రితం పుట్టిన సైటుకు పదిహేనేళ్ల చరిత్ర ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కంపెనీ మంచిదని తేలినట్టు కాదు. కంపెనీ రిజిస్టర్ చేయడం పెద్ద పనేమీ కాదు, స్పీక్ ఏషియాకూ కాగితాలున్నాయి. పైగా అసలు కంపెనీ పేరు వాడుకుని వేరేవాళ్లు మాట్లాడుతూ ఉండవచ్చు. అందుకే వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. ఫీజు అడిగారా, ఇక ఏ పరిశీలనా అక్కర్లేదు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగ్ ఇచ్చే సర్వే పని చేశాను. మొదటి రోజు 900 వచ్చాయి. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అన్నారు, 5,000 కడితే 6,500 వెనక్కి వచ్చాయి. నిన్న 48,000 కట్టాను. నా ఖాతాలో 71,000 చూపిస్తోంది కానీ తీసుకోవాలంటే ఇంకో 30,000 పన్ను కట్టాలంటున్నారు. ఏం చేయాలి?
– చిరుద్యోగి, విశాఖపట్నం

ఇంకొక్క రూపాయి కూడా కట్టకండి. ఇది చదవగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఆ 71,000 ఎక్కడా లేవు. అది వాళ్లు తయారుచేసుకున్న పేజీలో వాళ్లే వేసుకున్న అంకె. పన్ను కడితే ‘క్రెడిట్ స్కోర్ తగ్గింది’ అంటారు, అదీ కడితే ‘ఖాతా స్తంభించింది’ అంటారు. మన దగ్గర ఆదాయపు పన్నును ప్రభుత్వానికి కడతాం లేదా ఇచ్చేవాళ్లు కోసుకుని మిగతాది ఇస్తారు. మన డబ్బు మనకివ్వడానికి ముందుగా పన్ను పంపమనడం ఏ చట్టంలోనూ లేదు. గ్రూపులో ‘నాకు లక్ష వచ్చింది’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు కూడా వాళ్ల మనుషులే. ఇలాంటి టాస్కు మోసాల వెబ్‌సైట్లు వందకు పైగా ఉన్నాయని తేల్చి కేంద్ర హోంశాఖ సిఫార్సుతో 2023 డిసెంబరులో మూయించారు. అయినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

1930 వాళ్లు అడిగేవి: మీ బ్యాంకు పేరు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు, మొత్తం, తేదీ, సమయం, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబరు. మూడుసార్లు కట్టి ఉంటే మూడింటివీ చెప్పాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి. మోసగాళ్లు ఒక ఖాతాలో పడిన సొమ్మును వెంటనే ముక్కలుగా వేరే ఖాతాలకు తరలిస్తారు. అది ఇంకా ఏదో ఒక బ్యాంకులో ఉండగానే నిలిపివేయించాలి, అందుకే గంటల్లో చెప్పాలి. ఆలస్యమైందని మాత్రం ఊరుకోకండి, మిగిలినంతైనా ఆగవచ్చు. వచ్చిన ఫిర్యాదు నంబరు దాచుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు నింపండి, మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. టెలిగ్రామ్ గ్రూపు నుంచి బయటికి రాకముందే చాట్, ఆ మనుషుల యూజర్‌నేమ్‌లు, ఆ నకిలీ పేజీ స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మీరు తప్పుకున్నాక వాళ్లు అంతా చెరిపేస్తారు.

ఒక మాట ముందే తెలుసుకోవడం మంచిది. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే మూడు పనిదినాల్లో చెప్పినవారికి రిజర్వు బ్యాంకు నిబంధనల రక్షణ ఉంది. మీరే పిన్ కొట్టి పంపిన డబ్బుకు అది వర్తించదు. నిలిపివేసిన సొమ్ము మాత్రం కోర్టు ఉత్తర్వుతో తిరిగి వచ్చే దారి ఉంది, తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి ఇప్పించారు. ‘కమీషన్ ఇస్తే మీ డబ్బు రాబడతాం’ అనేవాళ్లు ఇప్పుడు తగులుతారు. వాళ్లూ మోసగాళ్లే.

ప్రశ్న: సర్వే కంపెనీ నా బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తుందట, రెండు శాతం ఉంచుకుని మిగతాది వాళ్లు చెప్పినవారికి పంపాలట. మంచిదేనా?
– నిరుద్యోగి, నల్గొండ

అది మీలాగే మోసపోయిన ఇంకొకరి డబ్బు. వాళ్లు ఫిర్యాదు చేయగానే మీ ఖాతా స్తంభిస్తుంది, కేసులో మీ పేరే ఉంటుంది. ఇప్పటికే డబ్బు పడి ఉంటే దాన్ని ఎటూ పంపకుండా బ్యాంకుకు, సైబర్ పోలీసులకు మీరే ముందు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. దుకాణాల్లో సర్వే చేసే పని అంటూ 2,400 డాలర్ల చెక్కు పంపారు. 400 ఉంచుకుని మిగతాదానికి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమన్నారు. చెక్కు క్లియర్ అయింది కూడా.
– ఒక తల్లి, గుంటూరు

క్లియర్ కాలేదమ్మా. అక్కడి బ్యాంకులు చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే డబ్బు వాడుకోనిస్తాయి. ఆ చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు. తేలాక బ్యాంకు 2,400 మొత్తం వెనక్కి తీసుకుంటుంది. అప్పటికి గిఫ్ట్ కార్డుల 2,000 డాలర్లు చేయి దాటిపోయి ఉంటాయి. కార్డులు కొనవద్దని, ఈ సంగతి వెంటనే తన బ్యాంకుకు చెప్పమని ఫోన్ చేయండి. ఇప్పటికే కొని నంబర్లు పంపి ఉంటే, కార్డు జారీచేసిన కంపెనీకి ఫోన్ చేసి ఆపించమనండి. కార్డులు, రసీదులు పారేయకూడదు. అమెరికాలో వినియోగదారుల మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఇంకో సంగతి, ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద అనుమతి లేని పని చేస్తే చదువుకే ముప్పు. కాబట్టి ఏ పార్ట్‌టైమ్ పనైనా ఒప్పుకునే ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగమనండి.

ప్రశ్న: ఫారాలు నింపే పని తీసుకున్నాను. 90 శాతం తప్పుల్లేకుండా ఉండాలన్నారు. ఇప్పుడు తప్పులున్నాయని, 6,500 కట్టకపోతే అరెస్టు చేయిస్తామని వాట్సాప్‌లో ‘కోర్టు నోటీసు’ పంపారు. భయంగా ఉంది.
– గృహిణి, కర్నూలు

కట్టకండి, భయపడకండి. వాళ్ల ఆదాయమే ఈ బెదిరింపు. చదవడానికి వీల్లేని మసక బొమ్మలిచ్చి నింపమంటారు, ఎంత బాగా చేసినా తప్పులున్నాయంటారు. ఒప్పందం ప్రకారం పని జరగలేదన్నది సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు వచ్చి అరెస్టు చేయరు. నిజంగా కేసు ఉంటే దానికి కోర్టు ఇచ్చే 16 స్థానాల సీఎన్‌ఆర్ అనే కేసు గుర్తింపు నంబరు ఉంటుంది. అది అడగండి, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. చాలాసార్లు నంబరు అడగగానే మాట మారుస్తారు. ఒకసారి కడితే మాత్రం ‘లాయరు ఫీజు’, ‘కేసు ఉపసంహరణ’ అంటూ మళ్లీ మళ్లీ వస్తారు. నోటీసు, కాల్ చేసిన నంబర్లు, మీరు సంతకం చేసిన కాగితం కాపీ పెట్టుకుని సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో బెదిరింపు కింద ఫిర్యాదు చేయండి. ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి. మీరు ఫోన్ ఎత్తకపోతే వాళ్లు తర్వాత చేసేది మీ భర్తకో, నాన్నగారికో.