ఫొటోగ్రఫీ నుంచి ఇంటీరియర్ డిజైన్‌కి మారాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

మీరు అడిగింది ఇదీ: వయసు ఇరవై రెండు, ఫొటోగ్రాఫర్‌గా పనులు బాగానే వస్తున్నాయి, కానీ ధ్యాసంతా గదుల మీదే. డిజైన్ చదవలేదు. నేర్చుకున్నదంతా పక్కనపెట్టి ఓనమాలు దిద్దాలా, ఎవరి పనిని చూసి నేర్చుకోవాలి అని.

నేనూ ఈ దారినే వచ్చాను, కాబట్టి తెలిసింది చెప్తాను. పక్కన పెట్టక్కర్లేదు. అయితే కెమెరా నేర్పినదాంట్లో సగం పనికొస్తుంది, ఇంకో సగం అడ్డుపడుతుంది.

పనికొచ్చేది వెలుగు. అద్దంలో చూసుకుంటే కళ్ల కింద గుంటలు కనిపించే బాత్రూమ్‌లు చాలానే చూసుంటారు. లైటు నడినెత్తిన ఉండటమే కారణం. పోర్ట్రెయిట్లు తీసేవాళ్లు మనిషికి అలా లైటు పెట్టి ఊరుకోరు కదా. అద్దానికి రెండు పక్కలా మొహం ఎత్తులో లైట్లు పెట్టించమని చెప్పడానికి నాకు ఏ కోర్సూ అవసరం పడలేదు. వంటింట్లోనూ ఇదే గొడవ. సీలింగ్ మధ్యలో ఒక్క లైటే ఉంటే, గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కూరగాయలు తరిగే చోటే పడుతుంది. పై అల్మరాల అడుగున, ముందు అంచుకు దగ్గరగా ఎల్‌ఈడీ స్ట్రిప్ వేస్తే ఆ నీడ పోతుంది. గోడకు ఆనించినట్టు పైనుంచి లైటు వేస్తే రాతి గోడకు ప్రాణం వస్తుంది. అదే పుట్టీ పెట్టి రంగేసిన గోడైతే ఎక్కడెక్కడ చెయ్యి సరిగ్గా ఆడలేదో మొత్తం బయటపడుతుంది. ఇలా ఏటవాలుగా రాసుకుంటూ పడే వెలుగు టెక్స్చర్‌ని లేపుతుందని మనకి ముందే తెలుసు. ఇక్కడ తేడా ఏమిటంటే, రీషూట్ ఉండదు.

రంగుల విషయమూ అంతే. ఒకే గదిలో పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ దీపం, నీలం వైపు మొగ్గే 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు కలిసి వెలుగుతుంటే, ఫొటోలో తెలుపు తెల్లగా కనిపించేలా సర్దే వైట్ బ్యాలెన్స్ ఎటు తిప్పినా ఒక మూల పసుపు, ఇంకో మూల నీలం. ఎడిటింగ్‌లో ఆ తలనొప్పి పడ్డవాళ్లకి బల్బు డబ్బా మీద అంకె చూసే అలవాటు దానంతటదే వస్తుంది. ఆ అంకె పక్కనే సీఆర్‌ఐ అని ఇంకోటి ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. అది 90 పైన ఉంటే సోఫా గుడ్డ, చెక్క, చర్మం రంగులు నమ్మదగ్గట్టు కనిపిస్తాయి.

ఇక ఎవరిని చూడాలి అన్నది. నా వరకు ముందు పేరు హిరోషి సుగిమోటో. సముద్రాలనీ సినిమా హాళ్లనీ ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న ఈ జపాన్ ఫొటోగ్రాఫర్ 2008లో ఒక ఆర్కిటెక్ట్‌తో కలిసి సొంత డిజైన్ సంస్థ పెట్టాడు. ఒడవారాలో 2017లో తెరిచిన ఎనౌరా అబ్జర్వేటరీ అతని రూపకల్పనే. అందులో 100 మీటర్ల పొడవున్న గ్యాలరీ ఒకటుంది. ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజున ఉదయించే సూర్యుడికి ఎదురుగా దాన్ని నిలబెట్టారు. ఎండ ఎప్పుడు, ఎటునుంచి వస్తుందో లెక్కేసుకుని ఆ తర్వాత గోడ లేపడమంటే అచ్చంగా ఫొటోగ్రాఫర్ బుర్రే. డెన్మార్క్ చిత్రకారుడు హామర్స్‌హోయ్‌ని కూడా చూడండి. కోపెన్‌హేగన్‌లో తను అద్దెకున్న ఇంటి గదుల్నే, అవే తలుపుల్ని, అవే బూడిద రంగుల్ని మళ్లీ మళ్లీ గీశాడు. వస్తువులు తగ్గించినా గది బోసిపోకుండా ఎలా ఉంటుందో నాకు అర్థమైంది ఆ బొమ్మల్లోనే.

ఇళ్లని ఫొటోలు తీసిన జూలియస్ షుల్మన్‌ని మాత్రం కాస్త అనుమానంతో చూడమంటాను. లాస్ ఏంజెలెస్‌లోని స్టాల్ హౌస్‌ని 1960లో అతను తీసిన ఫొటో మీరు చూసే ఉంటారు: కొండ అంచున గాజు గది, లోపల ఇద్దరు అమ్మాయిలు, కింద నగరమంతా దీపాలు. ఆ దీపాల కోసం నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి, గదిలో వాళ్ల కోసం విడిగా ఫ్లాష్ కొట్టాడు. అంటే ఫొటోలో ఉన్నట్టు ఆ గది ఏ క్షణంలోనూ ఎవరి కంటికీ కనిపించలేదు. ఫొటోగా అద్భుతం. కానీ అలాంటి గది కట్టించుకుందామని క్లయింట్ ఆ ఫొటో పట్టుకొస్తే మీకు టెన్షన్ మొదలవుతుంది.

అడ్డుపడే సగం ఇదే, ఫ్రేమ్. మూలకి వెళ్లి వైడ్ యాంగిల్ లెన్స్ పెడితే ఏ గదైనా హాల్ అయిపోతుంది. ఉండే మనిషి ఆ మూలలో నిలబడడు. నడుస్తాడు, కుర్చీ లాగుతాడు, రాత్రి చీకట్లో స్విచ్ కోసం తడుముకుంటాడు. డైనింగ్ కుర్చీలో కూర్చుని లేవాలంటే టేబుల్ అంచు నుంచి వెనక గోడకి 90 సెంటీమీటర్లైనా ఉండాలి, సోఫాకీ టీపాయ్‌కీ మధ్య ఓ 45. ఫొటోలో ఈ రెండూ కొంచెం ఇరుకైనా తెలియదు, పైగా దగ్గరగా ఉంటేనే కంపోజిషన్ ముద్దుగా ఉంటుంది! ఇంకోటి: షూట్‌కి ముందు మనం ఫ్రేమ్‌లోంచి తీసి దాచేవి గుర్తు చేసుకోండి. చార్జర్ వైర్లు, చెప్పులు, ఇస్త్రీ బల్ల, చెత్తబుట్ట, మందుల డబ్బా. డిజైనర్‌గా మీరు చోటు చూపించాల్సింది ముందు వాటికే. నేనైతే కొత్త ఇంటికి వెళ్లినప్పుడు మొదట రాసుకునే జాబితా అదే.

దారి విషయానికొస్తే, ఉన్న పని మానేయకండి. డిజైనర్ల పూర్తయిన ఇళ్లకి షూట్లు ఒప్పుకోండి. వాళ్లని అడిగి, కాస్త ముందే వెళ్లి టేపు పట్టుకుని గది కొలిచి, ఇంటికొచ్చాక దాని ప్లాన్ గీయండి. ఫొటోలో నచ్చిన గది కాగితం మీద ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నాకు మొదటి అవకాశం ఇచ్చింది కూడా నేను ఫొటోలు తీసి పెడుతున్న ఒక డిజైనరే. ఆవిడ దగ్గర అసిస్టెంట్‌గా చేరాక మొదట తెలిసిందేమిటంటే, కార్పెంటర్‌కి ఫొటో చూపిస్తే బాగుందంటాడు, కొలతలున్న డ్రాయింగ్ ఇస్తేనే చెక్క కోస్తాడు.

పోర్ట్‌ఫోలియోలో ఒక్క జాగ్రత్త తీసుకోండి. మీరు తీసిన ఇతరుల గదులూ, మీరు డిజైన్ చేసినవీ వేర్వేరు ఫోల్డర్లలో ఉండాలి, మొదటివాటి కింద ఆ డిజైనర్ పేరు ఉండాలి. రెండోది మొదట్లో ఒక్క చిన్న గదే అయినా ఫర్వాలేదు. కోర్సు అంటారా, డ్రాయింగ్, మెటీరియల్స్, సైట్ పని నేర్పేది దొరికితే చేరండి. కలర్ థియరీ, కంపోజిషన్ దగ్గరే ఆగిపోయేదైతే మీకు వద్దు, అవి మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ముందు గదిని 3డీలో గీసే స్కెచప్ పట్టుకోండి, కొలతల డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్ తర్వాత చూసుకోవచ్చు.