ఒక కన్ను నలుపు, ఇంకొకటి నీలం... బాబుకు వినికిడి పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మా బాబుకు ఏడు నెలలు. ఒక కన్ను నలుపు, రెండోది లేత నీలం. మావారికి చిన్నప్పటి నుంచీ నుదుటి దగ్గర తెల్ల జుట్టు పాయ ఉంది. మాది మేనరికం. ఇలాంటి పిల్లలకు చెవుడు ఉంటుందని బంధువులొకరు అన్నారు. చప్పట్లు కొడితే బాబు తిరిగి చూస్తున్నాడు. అయినా పరీక్షలు అవసరమా?
- ఒక సోదరి

జవాబు: అవసరమేనమ్మా. ఆలస్యం చేయకండి.

కంటి రంగు వల్ల చెవుడు రాదు. పిల్లి కళ్లు, తేనె రంగు కళ్లు ఉన్నవారు ఎందరో ఉన్నారు, అందరిలాగే వింటున్నారు. మీ బాబు సంగతి వేరు. కంటికి, జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ కణాలు లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోనూ ఉంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే కణాలు పనిచేయాలంటే కావలసిన విద్యుత్తు అక్కడ ఈ మెలనిన్ కణాల వల్లే పుడుతుంది. పిండం ఎదిగేటప్పుడు ఈ కణాలు తమ చోటికి చేరకపోతే కన్ను నీలంగా, జుట్టు తెల్లగా మారడం మనకు కనబడుతుంది. చెవిలోని లోటు కనబడదు.

బాబు కన్ను, తండ్రి తెల్ల పాయ కలిపి చూస్తే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అనే జన్యు లోపమని అనుమానించాలి. నెదర్లాండ్స్ కంటి వైద్యుడు వార్డెన్‌బర్గ్ 1951లో దీన్ని వివరించారు. ఇది ఉన్న అందరికీ చెవుడు ఉండదు. ఒకే ఇంట్లో ఒకరికి తెల్ల పాయతో సరిపోవచ్చు, మరొకరికి రెండు చెవులూ వినబడకపోవచ్చు. మీవారికి బాగా వినబడుతోంది కదా అని ధీమా పడకండి.

చప్పట్ల పరీక్షను నేను నమ్మను. చేతుల కదలిక చూసి కూడా పిల్లలు తిరుగుతారు. ఒక్క చెవి పనిచేసినా తిరుగుతారు. ఈఎన్‌టీ వైద్యుడి దగ్గర ఓఏఈ (శబ్దానికి లోపలి చెవి స్పందనను చూసేది), బెరా (శబ్దం చెవి నాడి ద్వారా మెదడుకు చేరుతోందా అని చూసేది) పరీక్షలు చేయించండి. బాబు నిద్రపోతుండగా చేస్తారు, నొప్పి ఉండదు. లోపం తేలితే వెంటనే వినికిడి యంత్రం, దానితో ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం), ఆ తర్వాత స్పీచ్ థెరపీ. మాటలు నేర్చే తొలి మూడేళ్లు చాలా విలువైనవి. ఇంప్లాంట్ ఆరోగ్యశ్రీలో ఉంది కానీ వయసు నిబంధనలున్నాయి, ముందే కనుక్కోండి.

మేనరికాన్ని తలచుకుని బాధపడకండి. కొన్ని రకాల పుట్టు చెవుడుకు మేనరికం కారణమవుతుంది గానీ, ఈ సిండ్రోమ్ ఎక్కువగా తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తుంది. అది మీవారికి ఉన్నట్లు తేలితే, తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. కాబట్టి జన్యు నిపుణులను కలవండి. బాబుకు పుట్టినప్పటి నుంచీ మలబద్ధకం, పొట్ట ఉబ్బరం ఉంటే పిల్లల వైద్యుడికి తప్పక చెప్పండి. ఈ సిండ్రోమ్‌లో ఒక రకానికి పేగుల సమస్య కూడా తోడవుతుంది.